మగ్గాల ఇంట్లో సిలోన్ పాట

నేసేటప్పుడు మనిషికి ఖాళీగా మిగిలేవి చెవులు మాత్రమే. ఒక చెయ్యి నాడె తాడు గుంజుతుంటుంది, ఇంకో చెయ్యి పేకను దగ్గరికి కొడుతుంటుంది. గుంటలోకి దిగిన కాళ్లకు తొక్కుడు పని. కళ్లయితే పడుగు మీద నుంచి తీయడానికే లేదు. చిటికి కట్టి రంగులద్దిన నూలు కనుక ఒక్క పోగు అటు జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. పొద్దున కూచున్న మనిషి బువ్వకు లేచేదాకా అట్లా పనిలో మునిగి ఉంటే, ఆ ఇంట్లోకి చెవి దారిన రాగలిగినదే వస్తుంది. చౌటుప్పల్, కొయ్యలగూడెం, పోచంపల్లి, పుట్టపాక చుట్టూ ఉన్న మగ్గాల ఇళ్లల్లో రేడియో అంతగా పాతుకుపోవడానికి కారణం ఇదేనని నేను నమ్ముతాను. సినిమా చూడాలంటే మగ్గం దిగాలి. పేపర్ చదవాలంటే చేతులు కడుక్కోవాలి. రేడియో ఒక్కటే పని ఆపమని అడగలేదు.

రేడియో చరిత్ర రాసేవాళ్లు స్టేషన్ల గురించి, ట్రాన్స్‌మిటర్ల గురించి, గొప్ప గొంతుల గురించి రాస్తారు. అవి రాయవలసినవే. కానీ పాటల రేడియోకు ఇంకో చివర మా ఇళ్లున్నాయి. అక్కడ జరిగినదాన్ని ఎవరూ పెద్దగా రాయలేదు.

మా వైపు మొదట వినిపించిన స్టేషన్ దక్కన్ రేడియో. పట్నంలో ఒక ప్రైవేటు మనిషి మొదలుపెట్టిన ఆ స్టేషన్‌ను 1935లో నిజాం సర్కారు తీసుకుంది. దాని ట్రాన్స్‌మిటర్ సరూర్‌నగర్‌లో, మా ఊరు చౌటుప్పల్ నుంచి పట్నం పోయే బెజవాడ రోడ్డుకు దగ్గర్లోనే ఉండేది. ఆ స్టేషన్ ఎక్కువగా ఉర్దూలో మాట్లాడేది. తెలుగు, మరాఠీ, కన్నడాలకు కొంత కొంత సమయం దక్కేది. అప్పుడు మా ఊళ్లల్లో రేడియో అంటే దొరల గడీల్లోనో, పెద్ద ఆఫీసర్ల బంగ్లాల్లోనో ఉండే వస్తువు. 1948 సెప్టెంబర్ 17న నిజాం స్వయంగా ఆ రేడియోలో మాట్లాడి, తన సైన్యం పోరు ఆపిందని ప్రకటించాడు. సాయుధ పోరాటంతో అట్టుడికిన నల్లగొండ జిల్లాకు ఆ కబురు ఎట్లాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. మా పెద్దనాయిన తరం వాళ్లలో చాలామందికి రేడియో అనే మాట మొదటిసారి చెవిన పడింది ఆ రోజుల్లోనే. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో కలిసిపోయింది.

తర్వాత పంచాయతీ రేడియో వచ్చింది. పంచాయతీ ఆఫీసు గదిలో తాళం వేసిన పెట్టెలో సెట్టు, బయట వేపచెట్టుకో, స్తంభానికో కట్టిన గొట్టం మైకు. సాయంత్రం ఒక మనిషి వచ్చి తాళం తీసి తిప్పేవాడు. వ్యవసాయ కార్యక్రమం, ధరవరలు, వార్తలు, మధ్యమధ్య జానపదాలు. అరుగుల మీద, చెట్టు కింద కూచుని మగవాళ్లు వినేవాళ్లు. ఆడవాళ్లు ఇళ్ల ముందర బియ్యం ఏరుతూ వినేవాళ్లు. అది మంచి పనే చేసింది. కానీ పాట కోసం తపించే చెవికి అక్కడ దొరికింది తక్కువ. గంట కాగానే ఆ మనిషి తాళం వేసుకుని పోయేవాడు.

దేశమంతటా రేడియోలో పాటకు అప్పుడు కరువే. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖకు మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే పడేది కాదు. శాస్త్రీయ సంగీతం వినిపించి జనం అభిరుచిని బాగుచేయాలని ఆయన ఉద్దేశం. సర్కారు రేడియోలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. జనం అభిరుచి మాత్రం మారలేదు, ముల్లు మారింది. అది పోయి రేడియో సిలోన్ మీద ఆగింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు తమ సైనికుల కోసం కొలంబోలో బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ పెట్టాయి. యుద్ధం అయిపోయాక అది సిలోన్ చేతికొచ్చింది. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలోని పొరలకు తగిలి కిందికి తిరిగొస్తాయి కనుక, సముద్రం అవతల మోగిన పాట వందల మైళ్లు దాటి మన పెంకుటింట్లో పలికేది. హిందీలో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా 1952 చివర్లో అక్కడే మొదలైంది. తెలుగు పాటలకూ అక్కడ వేళ ఉండేది. ఆ వేళకు గొంతు మీనాక్షి పొన్నుదురైది.

ఆ గొంతు గురించి కొంచెం ఆగి చెప్పాలి. మా గల్లీలో ఆమె ముఖం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఫోటో కూడా చూడలేదు. ఎక్కడో లంకలో కూర్చుని తెలుగు ఇంత తీరుగా మాట్లాడే ఆమెది ఏ ఊరై ఉంటుందని మా అమ్మ, మా మేనత్తలు రాట్నాల దగ్గర మాట్లాడుకునేవాళ్లు. ఆమె తొందరపడేది కాదు. పాట పేరు, సినిమా పేరు, పాడినవాళ్లు, రాసినవాళ్లు, తర్వాత ఆ పాట కోరినవాళ్ల పేర్లు. ఎక్కడెక్కడి ఊళ్లో వినిపించేవి ఆ జాబితాలో. ఖమ్మం, రాజమండ్రి, గుంతకల్లు, బళ్లారి, ఖరగ్‌పూర్. తెలుగువాళ్లు ఇన్నిచోట్ల ఉన్నారని భూగోళం పుస్తకం చెప్పకముందే సిలోన్ చెప్పింది. షార్ట్‌వేవ్ నిలకడగా ఉండదు. పాట మధ్యలో సన్నగిల్లి గరగరలో మునిగి మళ్లీ తేలేది. తేలేసరికి చరణం దాటిపోయేది. ఆ పోయిన ముక్కను మా పెద్దమ్మ పాడి పూరించేది. ఆమె పాడిన మాటలు రికార్డులో ఉన్నవో కావో మాకు తెలియదు, మాకు మాత్రం ఇప్పటికీ అవే పాట.

సర్కారుకు కూడా తెలిసొచ్చింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. పదేళ్లకు, 1967 నవంబర్‌లో, దాంట్లో ప్రకటనలు కూడా రావడం మొదలైంది. ముందు బొంబాయి, పుణె, నాగపూర్, ఆ తర్వాతి ఏళ్లలో మన దగ్గరా. పట్నం నుంచి తెలుగు సినిమా పాటలు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఇంత స్పష్టంగా వస్తుంటే సిలోన్ గరగరతో పనేముందని కొందరు ముల్లు అటు తిప్పేశారు. మా నాయిన తిప్పలేదు. ఆయనకు రెండూ కావాలి. రేడియో గాజు మీద చిన్న రంగు కాగితం ముక్కలు అంటించి పెట్టుకున్నాడు. హైదరాబాద్ ‘ఎ’ 738 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి, పక్కనే విజయవాడ 837 దగ్గర ఇంకొకటి, షార్ట్‌వేవ్ మీద సిలోన్ దగ్గర ఎర్రది. చీకటి పడ్డాక మీడియం వేవ్ కూడా దూరం నుంచి వస్తుంది కనుక రాత్రి విజయవాడ పగటికన్నా బాగా పలికేది. ఈ సంగతులు ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మగ్గం మీద కూచున్న మనిషికి ఏ వేళకు ఏది పలుకుతుందో అలవాటు మీద తెలుసు.

మా ఇంట్లోది తోలు కవరున్న ట్రాన్సిస్టర్. అంతకుముందు మా పెద్దనాయిన ఇంట్లో వాల్వుల సెట్టు ఉండేది. స్విచ్ వేస్తే లోపల ఎర్రగా వెలిగి, వేడెక్కి, అప్పుడు గొంతు విప్పేది. దానికి ఇంటి కప్పు మీద రాగి జాలి ఏరియల్. కరెంటు ఉన్న ఇళ్లు కొన్నే కాబట్టి ట్రాన్సిస్టర్ వచ్చాకే రేడియో నిజంగా మగ్గం గదిలోకి వచ్చింది. గోడలో గూడు చేసి అందులో పెట్టేవాళ్లు. దూది పొట్టు పడకుండా పైన గుడ్డ. సెల్లు బలం తగ్గితే తీసి ఎండలో పెట్టేవాళ్లం, ఇంకో రెండు మూడు రోజులు పలికేది. సెల్లు కొనడం ఆ ఇంటికి చిన్న ఖర్చు కాదు, అందుకే వాల్యూమ్ ఎవరు ఎంత పెంచాలన్న దాని మీద కూడా మాటామాటా వచ్చేది. ఏటా పోస్టాఫీసుకు పోయి లైసెన్సు పుస్తకంలో స్టాంపు అతికించుకోవాలి. రేడియో వినడానికి లైసెన్సు ఏమిటని ఇప్పటి పిల్లలు ఆశ్చర్యపోతారు. 1980ల నడుమ దాకా అది ఉంది. తనిఖీకి మనిషి వస్తున్నాడంటే గల్లీలో ఆ చివర నుంచి ఈ చివరకు కబురు ముందే పాకేది.

పొద్దున ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్‌తో ఇల్లు లేచేది. యూరప్ నుంచి వచ్చిన వాల్టర్ కౌఫ్‌మన్ 1930లలో కట్టిన ఆ చిన్న వాయిద్య ఖండిక, మా ఇంట్లో కోడికూత కన్నా నమ్మకమైనది. ఆరు గంటల యాభై అయిదుకు సంస్కృత వార్తలు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆపేవాళ్లు కారు, ఎందుకంటే ఏడు గంటల అయిదుకు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. ఆ వార్తలతో మా నాయిన చాయ్ అయిపోయేది, మగ్గం ఎక్కేవాడు. ఆ తర్వాత రోజంతా గడియారం అవసరం లేదు. పిల్లలను బడికి తోలడం, పొయ్యి మీద ఎసరు పెట్టడం, నడి పొద్దు నిద్ర, అన్నీ కార్యక్రమాల మీదనే నడిచేవి. ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్ద చిత్రం. మూడు గంటల సినిమాను మాటలు, పాటలుగా గంటకు కుదించి వినిపించేవాళ్లు. టికెట్ కొనలేని ఇంట్లో మేము ఎన్నో సినిమాలను అట్లా చెవులతో చూశాం. తర్వాత నిజంగా తెర మీద చూసినప్పుడు ఆ మనుషులు మేము అనుకున్న ముఖాలతో లేరు. మాయాబజార్ ఒక్కటి మాత్రం మేము ఊహించినదానికన్నా బాగుంది.

అమ్మ పని ఆసు పోయడం. గోడకు పక్కగా నిలబెట్టిన ఆసు చుట్టూ నూలును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ మేకులకు తొడగాలి. ఒక చీరకు సరిపడా నూలు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9 వేల సార్లు కదలాలి. భుజం పట్టేసి రాత్రిళ్లు నిద్ర పట్టని ఆడవాళ్లు మా గల్లీలో ఇంటికొకరు. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తన తల్లి కష్టం చూసి లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసింది ఈ నొప్పి వల్లనే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబురపడింది మా అమ్మ. కానీ ఆ యంత్రం రావడానికి ముందు, ఆ వేల కదలికల నడుమ అమ్మకు తోడుండింది సుశీల, లీల, జిక్కి. ఆసు పోసేటప్పుడు పోగుల లెక్క తప్పకూడదు. మాట్లాడితే తప్పుతుంది, పాట వింటే తప్పదు. ఈ తేడా ఎందుకో ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును. మాట జవాబు కోరుతుంది, పాట కోరదు. అంతకన్నా నాకు తోచలేదు.

వివిధ భారతిని, సిలోన్‌ను నేను ఇంతగా తలుచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ప్రతి పాటకు ముందు అనౌన్సర్ రచన ఎవరు, సంగీతం ఎవరు, గానం ఎవరు అని చెప్పి తీరేవాళ్లు. ఆ ఒక్క ఆచారం ఊరూరా ఎంత చదువు చెప్పిందో లెక్క కట్టలేం. బడి మొహం చూడని మా మేనమామకు సాలూరి రాజేశ్వరరావుకు, పెండ్యాలకు తేడా తెలుసు. పాట మొదలైన నాలుగు క్షణాలకే ఇది మాస్టర్ వేణుది అనేవాడు. దాశరథి 1961లో ఇద్దరు మిత్రులుకు, సినారె 1962లో గులేబకావళి కథకు పాటలు రాసినప్పుడు, మన తెలంగాణ కవుల పేర్లు అనౌన్సర్ నోట రావడం మా మగ్గాల ఇళ్లల్లో పెద్ద ముచ్చట. అనౌన్సర్ మాట్లాడే తెలుగు మా ఇంటి తెలుగు కాదు. నాయిన, బువ్వ, గల్లీ అనే మాటలు ఆ రేడియోలో వినాలంటే గ్రామీణ కార్యక్రమాల్లో ఎప్పుడో ఒకసారి. అది మాకు నొప్పిగానే ఉండేది, ఇప్పటికీ ఉంది. అయినా పాట కట్టినవాడి పేరు చెప్పి పాట పెట్టడం అనే మర్యాద ఆ రేడియోకే చెల్లింది. ఇవాళ ఫోన్లో వేల పాటలున్నాయి, రాసినవారి పేరు అడిగితే చెప్పేవాళ్లు కరువు.

సినిమా పాటొక్కటే కాదు. మహాభాష్యం చిత్తరంజన్ హైదరాబాద్ కేంద్రం నుంచి లలిత గీతాలు నేర్పేవారు. ఒక పంక్తి ఆయన పాడితే నేర్చుకునేవాళ్లు తిరిగి పాడేవాళ్లు. మా అక్క కండెలు చుట్టుకుంటూ ఆ వరసలో కలిసిపోయేది. ఆమెకు గురువంటే ఆయనే. ఆయనకు ఈ శిష్యురాలి సంగతి తెలియదు.

పోస్టుకార్డుల ముచ్చట చెప్పకుంటే ఈ కథ సగమే. పాటలు కోరే కార్యక్రమానికి కార్డు రాయడం మా వయసు పిల్లలకు పండుగ. ఒక్క కార్డు మీద ఇరుకుగా గల్లీలో అందరి పేర్లూ రాసేవాళ్లం, ఇంట్లో ముసలమ్మ పేరు, పొత్తిళ్లలో ఉన్న పిల్ల పేరు కూడా. కింద చౌటుప్పల్, నల్లగొండ జిల్లా అని పెద్ద అక్షరాల్లో. పాట వస్తే సరే, రాకున్నా సరే, అసలు కోరిక మా ఊరి పేరు రేడియోలో పలకాలని. అప్పట్లో చౌటుప్పల్ అంటే 9వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు చాయ్‌కి ఆగే చోటు. హైదరాబాద్ పోయేవాళ్లకు, బెజవాడ పోయేవాళ్లకు నడుమ కిటికీలోంచి కనిపించే ఊరు. అట్లాంటి ఊరి పేరు, మా పేర్లతో కలిపి, ఆకాశంలోంచి వినిపిస్తే, ఆ సాయంత్రం గల్లీ గల్లీ అరుగుల మీదికి వచ్చేది. బస్టాండు పక్కన చాయ్ హోటల్లో, మంగలి దుకాణంలో, కల్లు మండువ దగ్గర కూడా అదే రేడియో, అదే వేళ, కాబట్టి మా పేర్లు విననివాళ్లు ఊళ్లో లేరు. ఒక పాటను ఊరంతా ఒకే క్షణంలో వినడం అనేది ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోతే ఇంటింటి గూట్లోంచి పాట తెగకుండా వినిపించేది.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయిన కబురు కూడా ఆ గూట్లోంచే వచ్చింది. మా గల్లీలో మగ్గాలు ఆ పూట ఆగాయి. సాధారణంగా మా దగ్గర మగ్గం ఆగేది అమావాస్యకు, చావుకు. అది ఇంట్లో చావే అయింది.

తర్వాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 1980ల్లో టేపు రికార్డర్ వచ్చింది. కావలసిన పాట కావలసినప్పుడు వినొచ్చు. కానీ అరగంటకోసారి క్యాసెట్ తిప్పాలి, దానికి మగ్గం మీది నుంచి లేవాలి. టీవీ వచ్చింది. శుక్రవారం చిత్రలహరి వేళకు మగ్గాలు ఆగడం మొదలైంది. టీవీ కళ్లను అడుగుతుంది, నేతగానికి ఇవ్వడానికి కళ్లు లేవు. నేత కూడా అదే రోజుల్లో బలహీనపడింది. నూలు ధరలు, రంగుల ధరలు పెరిగాయి, కూలి పెరగలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాక గజం గోవర్ధన్‌కు, గజం అంజయ్యకు పద్మశ్రీలు వచ్చాయి, అవి మాకు గర్వకారణాలే. కానీ గల్లీలో మగ్గాల సంఖ్య తగ్గుతూనే పోయింది. 1990ల్లో చౌటుప్పల్ చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి. లింగోజిగూడెంలో దివీస్ 1995లో మొదలైంది. మా తర్వాతి తరం పిల్లలు మగ్గం గుంట పూడ్చి షిఫ్టు డ్యూటీకి పోయారు. బతుకు మెరుగైంది, కాదనను. అక్కడ పనిచేసే మనిషి చెవులు యంత్రానికి, సైరన్‌కు అప్పగించాలి.

2006లో పట్నానికి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాయి, రేడియో సిటీ, రేడియో మిర్చి. తళతళలాడే శబ్దం, పగలంతా కొత్త పాటలు, గబగబా మాట్లాడే కుర్ర గొంతులు. రేడియో మళ్లీ బతికిందని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే ఎఫ్ఎం తరంగం మీడియం వేవ్ మాదిరి నేలను పట్టుకుని దూరం పోదు, షార్ట్‌వేవ్ మాదిరి ఆకాశాన్ని తాకి తిరిగి రాదు. కంటికి ఆనినంత దూరమే దాని రాజ్యం. పట్నానికి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మేము ఆ రాజ్యానికి సరిహద్దులో పడ్డాం. రోడ్డు మీద కారులో పోతుంటే ఊరు దాటేసరికి గొంతు చిరుగుతుంది. దూరం సంగతి అట్లా ఉంచితే, ఆ మాటల్లో ట్రాఫిక్ సిగ్నళ్లు, మాల్స్, పట్నం గల్లీలు ఉంటాయి. చిన్న ఊళ్ల పేర్లు ఉండవు. సిలోన్ నుంచి, సముద్రం అవతల నుంచి మా ఊరి పేరు పలికిన రోజులు చూసినవాడికి ఇది వెలితిగా ఉంటుంది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను నిజంగా ఆచరణలో పెట్టిన చోటు మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో దళిత ఆడవాళ్లు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. 90.4 మెగాహెర్ట్జ్ మీద తమ విత్తనాల గురించి, తమ పాటలు, తమ యాసలో. రికార్డు చేసేదీ వాళ్లే, మాట్లాడేదీ వాళ్లే. మా అమ్మ విని ఉంటే అది రేడియో అంటే ఒప్పుకునేది కాదు, ఇంటి మాటలు రేడియోలో ఎట్లా వస్తాయని అడిగేది.

చౌటుప్పల్‌కు అట్లాంటిది ఒకటి కావాలని నా కోరిక. సమాజ రేడియోకు అనుమతించేది చిన్న ట్రాన్స్‌మిటరే, ప్రసార శక్తి 100 వాట్లే. కొయ్యలగూడెం మగ్గాలకు, చుట్టుపక్కల ఊళ్లకు అది చాలు. ఇప్పటికీ గుంట మగ్గం మీద కూచునేవాళ్లు ఉన్నారు. వాళ్ల చెవులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. పాటకు ముందు రచన, సంగీతం, గానం చెప్పే అనౌన్సర్ కావాలి. నూలు ధర, రంగుల ధర చెప్పాలి. బతుకమ్మ నెలలో మా అత్తమ్మల నోట మిగిలిన పాటలు రికార్డు చేయాలి, వాళ్లలో చాలామంది ఎనభై దాటారు. కార్డులు రాసేవాళ్లు దొరకరేమోనని ఒక మిత్రుడు అన్నాడు. కార్డు కాకుంటే ఫోన్లో చెప్పనీయండి, పేర్లు మాత్రం అన్నీ చదవాలి, ఇంట్లో ముసలమ్మ పేరుతో సహా.